ముల్లు ఎర్రగీత కాడికొచ్చింది

ఓర్వకల్లు రాళ్లగుట్టల పక్కన, మే నెల ఎండలో, తాత నాటి కారు పెళ్లికూతురితో బనగానపల్లెకు పోతోంది. చుట్టాల బస్సు ముందే వెళ్లిపోయింది. కారు తోలుతున్న తండ్రి రోడ్డుకంటే ఇంజను వేడి చూపే ముల్లునే ఎక్కువగా చూస్తున్నాడు.

"నాయనా, ఇంత ఎండలో హీటరు ఎందుకేసినావు? మొగం మీద పసుపంతా కారిపోతాండాది."

"ఇంజను వేడి కొంచెం మనమీదికి మళ్లితే దానికి ఊపిరాడుతుంది తల్లీ. ఓర్చుకో."

"ముల్లు ఎర్రగీత కాడికొచ్చింది. ఇంగ ఆపు."

"ఆపితే చల్లారేకి శానాసేపు పడుతుంది. వాళ్లు ఊరిముందర మేళాలతో ఎదురుకోలుకు నిలబడింటారు. మొదటిరోజే ఆలస్యమైతే జన్మంతా నిన్ను దెప్పుతారమ్మా."

"ఇంజను పట్టేస్తే రేపటికి కూడా చేరం. తాత కారులోనే పోవాలని పట్టుబట్టింది నేను. మాట పడితే నేనే పడతా. ఆపు నాయనా."

వేపచెట్టు నీడన కారు ఆగింది. ఆయన బానెట్ ఎత్తాడు. కూతురు పెళ్లికొడుకుతో ఫోనులో మాట్లాడి వచ్చేదాకా ఆయన ఆమెవైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఏమన్నాడమ్మా పిల్లోడు? కోపం చేసినాడా?"

"ముల్లు ఎంతదాకా పోయిందని అడిగినాడు. చల్లారేదాకా రేడియేటరు మూత ముట్టొద్దు, మామకు చెయ్యి కాలుతుంది అన్నాడు."

"ఇంకా?"

"పెద్దోళ్లకు తానే చెప్పుకుంటాడంట. మనల్ని నిదానంగా రమ్మన్నాడు."

మూత మీదికి చాచిన చేతిని తండ్రి వెనక్కి తీసుకున్నాడు. తువ్వాలు దులిపి నీడలో పరిచాడు.

"అయితే కూర్చో తల్లీ. నిదానంగానే పోదాం."