కెజియా పేజీ తిప్పలేదు

“అమ్మమ్మా, మీ కోడలు పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లోనే సదివిత్తందట కదా. ఎలగుంటాదో కాస్త సెప్పవా?”

నిన్నెవరు పంపినారే? మా కోడలు గ్రేసేనా? కాదా. సర్లే, ముందా ఫోను బల్ల మీద పెట్టు. ఒళ్ళో పెట్టుకుని రికార్డు సేత్తే నాకు తెలీదనుకున్నావేటి. సేసుకో, నాను దాసుకునే మాటలేటీ లేవు. దాసుకునేవోళ్ళు ఈ ఇంట్లో వేరే ఉండేవోరు. మా సెల్లెలి మనవరాలివి, నీకూ నాలుగేళ్ళ గుంటడున్నాడు, అందుకని సెప్తన్నాను. ఇంకెవరైనా అడిగుంటే గేటుకాడే వందనాలు సెప్పి పంపించేద్దును.

రెండేళ్ళ కిందటి మాట. వేసవి సెలవులు. నా కొడుకు దానియేలు స్టీలు ప్లాంటులో షిఫ్టు దిగొచ్చి, స్నానం సేసి కూకున్నాడు. సాయింత్రం మాకు కుటుంబ ప్రార్థన ఉంటాది కదా. గ్రేసు కళ్ళు మూసుకుని ప్రార్థన సేస్తా సేస్తా, పిల్లల్ని ఇంట్లోనే సదివించమని నువ్విచ్చిన పిలుపుకి వందనాలు ప్రభువా అనేసినాది. ఆమెన్ అనేదాకా ఓపిక పట్టినాను. పట్టి, ఏ పిలుపే అన్నాను. దేవుడు తనతో మాటాడినాడట. లోకపు బడికి పంపొద్దన్నాడట. మరి నాతో ఎందుకు సెప్పలేదో, నానూ ఈ ఇంట్లోనే ఉన్నాను, సెవులు కూడా బాగానే ఉన్నాయి అన్నాను. దానియేలు నవ్వాపుకున్నాడు గాని నోరు మెదపలేదు. ప్రార్థనలో పెట్టేసిన మాటకి మొగుడు ఎదురెలగ సెప్తాడు? దేవుడికి ఎదురు సెప్పినట్టు అవదేటి? ఆ తెలివి సూడు. నాకు అప్పుడే అనుమానం. మంచి పని సేసేవోళ్ళు మామూలుగా అన్నం తింటా సెప్తారు గాని, కళ్ళు మూసుకుని సెప్పరు.

మరింక జూన్ వొచ్చినాది, మొదలయినాది మా ఇంటి బడి. పొద్దున్నే పాట, ప్రార్థన, టిఫిను. హాల్లో సాప. సాప మీద మా పెద్ద మనవరాలు కెజియా, సిన్నది రూతు. పెద్దదానికి అప్పుడు తొమ్మిది... కాదు, ఎనిమిది నిండినాయి. ఎక్కడ్నుంచో కొరియర్లో రంగు రంగుల పుస్తకాలు దిగినాయి. తీసి సూసినాను. మంచు, మంచులో ఇల్లు, పొయ్యి ముందర కుక్క. మన కూర్మన్నపాలెంలో మంచు ఫ్రిజ్జులో తప్ప ఎక్కడుందే అన్నాను. లెక్కలంటే కందిపప్పు గింజలు కుప్పలు పెట్టడం. సైన్సంటే అన్నం ఎలగ ఉడుకుతాదో సూడటం. అది నాను యాభై ఏళ్ళుగా సూస్తన్నాను, నాకెవరూ మార్కులెయ్యలేదు.

వీధిలోవోళ్ళకి ఇదో తమాషా. పక్కింటావిడ, మీ పిల్లలకి ఒంట్లో బాగోలేదాండీ, బడికి పోవట్లేదు అని రోజూ అడిగేది. దేవుడి పిలుపండీ అని మా గ్రేసు నవ్వేది. ఆ నవ్వు సూస్తే నాకు ఒళ్ళు మండేది. నిజం సెప్పేటప్పుడు మనిషి అంత అందంగా నవ్వదు.

నాకు సదువు మీద ఎందుకంత పట్టింపంటావా? మా నాన్న హార్బర్లో కలాసీ. పూర్ణా మార్కెట్ ఎనక సందులో ఒక్క గది ఇల్లు. నాను మూడో తరగతి దాటలేదు, తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి మాన్పించేసినారు. పది పైసల పప్పు తెత్తే పత్రికల కాగితంలో పొట్లం కట్టి ఇచ్చేవోడు కోమటి. పప్పు డబ్బాలో పోసి ఆ కాగితం నాను సదువుకునేదాన్ని. సగం కథుండేది. మిగతా సగం ఎవరింటికి మినప్పప్పు కట్టుకుని పోయినాదో! ఆ కథలో పిల్ల బతికినాదో, బావని సేసుకున్నాదో, ఇప్పటికీ నాకు తెలీదు. అలగ నేర్సుకున్నాను. ఆ తరవాత లైబ్రరీలు, చర్చి పుస్తకాలు, దొరికిందల్లా. కాబట్టి సదివే మనిషి కళ్ళు ఎలగ కదుల్తాయో నాకు తెలుసు. అదే మా గ్రేసు మర్సిపోయినాది.

ఎక్కడున్నాను? ఆ, ప్రార్థన. సాయింత్రం ఒక్కొక్కళ్ళం ఓ భాగం సదవాలి. కెజియా ఏ భాగం సదవాలో గ్రేసు పొద్దున్నే సెప్పేసేది. సాయింత్రం ఆ పిల్ల బైబిలు ఒళ్ళో పెట్టుకుని, వేలు పెట్టి, గంటలు మోగినట్టు సదివేది. ఒక్క తప్పుండేది కాదు. దానియేలయితే కళ్ళు మూసుకుని, సేతులు కట్టుకుని, మొహమంతా వెలిగిపోతా వినేవోడు. ఆదివారం చర్చిలో కూడా పిల్ల కంఠత వాక్యాలు సెప్తే ఆడాళ్ళంతా నా సుట్టూ మూగి, మీ కోడలు ధన్యురాలండీ, బళ్ళో ఏస్తే ఇలగొస్తాదా అనేవోరు. నాకూ మురిపెంగానే ఉండేది, ఎందుకబద్ధం.

ఓ రోజు గ్రేసు దానికి పెద్ద కీర్తనొకటి ఇచ్చినాది. పేజీ అడుగున మొదలయి కాగితం ఎనక పేజీకి పోతాది. నాను దాని పక్కనే కూకున్నాను. వేలు కిందకి జారినాది, పేజీ అయిపోయినాది. వేలు అక్కడే ఆగిపోయినాది. నోరు ఆగలేదు. పేజీ తిప్పకుండా, ఆఖరు మాటదాకా సదివేసి ఆమెన్ అన్నాది.

ఎవరికీ ఏటీ సెప్పలేదు. అనుమానమంటే ఏటనుకున్నావు, పొయ్యి మీద పాలు. గబుక్కుని మూత పెడితే పొంగిపోతాది. సూస్తా నిలబడాలి.

మర్నాడు గ్రేసు బజారుకెళ్ళినాది. నాను కెజియాని పిలిసి, నా కళ్ళకి మసగ్గా ఉంది, కాస్త సదివిపెట్టే అని నా పెద్దక్షరాల బైబిలు ఇచ్చినాను. ఎక్కడ తీసినానో తెలుసా? ఫలానావోడు ఫలానావోణ్ణి కన్నాడని వొట్టి పేర్లే ఉంటాయే, ఏ సండేస్కూల్లోనూ, ఏ టీచరూ కంఠతా పట్టించని సోటు. ఆ పిల్ల పుస్తకం వైపు సూసినాది. నా వైపు సూసినాది. సూసి, ఆ పేర్ల మీద వేలు పెట్టి, అందరికీ నోటికొచ్చే కాపరి కీర్తన సెప్పడం మొదలెట్టినాది. సివరిదాకా సెప్పినాది.

బావుందే తల్లీ అని పంపించేసినాను. ఏటి సేద్దును?

కోపమంతా గ్రేసు మీద. సదువు సెప్తన్నానని ఊరంతా టముకేసి, సిలకకి పలుకులు నేర్పినట్టు నేర్పి, నా కొడుకు కళ్ళు కప్పుతన్నాది అనుకున్నాను. సాయింత్రం డాబా మీద బట్టలు తీస్తంటే ఎక్కినాను. మెట్లెక్కితే నాకు ఆయాసం, అయినా ఎక్కినాను. పిల్లకి అక్షరం ముక్క రాదు, నీకు తెలుసా తెలీదా అని అడిగినాను. దుప్పటి మడతపెడతన్నది అలాగే పట్టుకుని నిలబడిపోయినాది.

“తెలుసత్తయ్యా” అన్నాది.

బళ్ళో ఉన్నప్పట్నుంచీ తెలుసట. ఏ బడంటావా, పేరెందుకులే. సదవలేదని రోజూ వరండాలో నిలబెట్టేవోరట. సిన్న తరగతి పిల్లలు కూడా నవ్వుకుంటా పోయేవోరట. మెల్లిగా ఇంట్లో కూడా మాట మానేసినాది పిల్ల. అవును, నాకూ గుర్తుంది, ఆ యేడు అది పలికేది కాదు, జ్వరమొచ్చి తగ్గినాది కదా నీరసమేమో అనుకున్నాం. మరి ఆ మాటే మొగుడితో సెప్పొచ్చు కదా, పిలుపూ గిలుపూ ఏటే అన్నాను.

అప్పుడు సెప్పినాది సూడు. పిల్లకి సదువు రాట్లేదంటే చర్చిలో ఊరుకుంటారా, ఏ పాపమో, ఏ శాపమో అని మొదలెడతారు, నూనె సీసాలు పట్టుకుని పదిమంది ఇంటికొచ్చి పిల్ల నెత్తిన సేతులు పెడతారు. దేవుడు పిలిసినాడంటే మాత్రం ఎవరూ ఎదురడగరు. దానియేలు కూడా అడగలేదు కదా అన్నాది. బడి మానేసినాక, అమ్మ సదివితే విని పట్టేసే ఈ కంఠతా దారి పిల్లే కనిపెట్టుకున్నాదట. నవ్వడం, మాటాడటం మళ్ళీ మొదలెట్టినాదని గ్రేసు సూసీ సూడనట్టు ఒగ్గేసినాది.

నా మనసు కరగలేదని కాదు. కరిగినా అడగాల్సింది అడగాలి కదా. “నువ్వు దానికి నేర్పుతన్నావా, దాన్ని దాస్తన్నావా?” అన్నాను. కొడుక్కి నాను సెప్పను, నువ్వే సెప్పాలి, తొందరగా సెప్పు అని దిగిపోయినాను.

సెప్పలేదు. ఇవాళా రేపూ అని నానబెట్టినాది. ఈ లోపల పాస్టరు గారు ఫోను సేసినారు. ఆదివారం ఆరాధనలో వాక్యభాగం మీ కెజియా సదవాలి, ఏ భాగమో అక్కడికక్కడ ప్రసంగం సేసే పులిపీటం మీంచి సెప్తాను, ఇంట్లో సదివిన పిల్లల సత్తా సంఘం సూడాలి అన్నారట. దానియేలు ఆనందం సూడాలి. కొత్త గౌను కొంటానన్నాడు. గ్రేసు మొహం మాడిన పెనంలా అయిపోయినాది. శనివారానికల్లా పిల్లకి జ్వరమని సెప్పేద్దాం అత్తయ్యా అని వంటింట్లో నా సెవిలో గొణిగినాది. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం ఆసరా పెడతావేటే, ఇల్లు కాదిది పాక అయిపోతన్నాది అన్నాను.

శనివారం సాయింత్రం ప్రార్థనకి కూకున్నాం. రేపటికి అలవాటవుతాదని దానియేలు తనే బైబిలు మధ్యలో తీసి పిల్ల సేతికిచ్చినాడు. ఇచ్చి, ఎప్పట్లాగే కళ్ళు మూసుకున్నాడు. పిల్ల వేలు పెట్టినాది. తనకొచ్చిన కీర్తనొకటి ఎత్తుకున్నాది. గ్రేసు నా వైపు సూసి తల అడ్డంగా ఊపుతన్నాది, అత్తయ్యా వద్దు, వద్దు అని. రూతు అమాయకంగా అక్క పుస్తకంలోకి తొంగి సూస్తన్నాది. దానియేలు ముందు మురిసిపోతా విన్నాడు. తరవాత నుదురు ముడి పడినాది. తీసిందెవరు, తనే కదా.

“కళ్ళు తెరిసి వినరా” అన్నాను.

తెరిసినాడు. పుస్తకం సూసినాడు, పిల్లని సూసినాడు. నాను తీసింది ఇది కాదు కదమ్మా అన్నాడు మెల్లిగా. గ్రేసు ఏదో అనబోయినాది. అంతకుముందే కెజియా పుస్తకం మూసేసినాది.

“నాకు సదవడం రాదు నాన్నా. అక్షరాలు నిలబడవు, కదిలిపోతాయి. అమ్మని తిట్టకు. నన్ను మళ్ళీ ఆ బడికి పంపకు.”

నీకు తెలుసా అని దానియేలు పెళ్ళాన్ని అడిగినాడు. తల ఊపినాది. నన్నడిగినాడు. తెలుసన్నాను. అయితే ఈ ఇంట్లో తెలీనిది నాకొక్కడికే అన్నమాట అని, పిల్లని దగ్గరికి లాక్కుని అలగే కూకుండిపోయినాడు. ఆ రాత్రి ఎవరం సరిగా తిన్లేదు. మొగుడూ పెళ్ళాల మజ్జ ఏటి జరిగినాదో నాకు తెలీదు, సెవి పెట్టినాను గాని వినపడలేదు.

ఆదివారం పొద్దున్న ఆరాధనకి ముందే దానియేలు పాస్టరు గారి దగ్గరికెళ్ళి, అయ్యగారూ, మా అమ్మాయికి ఇంకా సదవడం రాదండి, వొచ్చినాక తనే అడిగి సదువుతాది అన్నాడు. నా ముందే అన్నాడు. ఆయన ఎంటనే ప్రార్థన బృందాన్ని తీసుకొస్తానన్నారు. ప్రార్థన సెయ్యండయ్యా, మీ ఇళ్ళలో సెయ్యండి, మా ఇంటికి రావద్దు అన్నాడు. నా కొడుకేనా అని సూసినాను.

ఆ తరవాత ద్వారకా నగర్లో ఎవరో టీచరమ్మ ఉందని పట్టుకున్నారు. ఇలాటి పిల్లలకే సెప్తాదట. బుద్ధికేటీ లోపం లేదండీ, కొందరికి అక్షరం అలగే ఆడతాది, దారి వేరే ఉంటాది అన్నాది. పళ్ళెంలో బొంబాయి రవ్వ పోసి వేలితో అక్షరాలు దిద్దిస్తాది. ఉప్మా సేసుకునేదానికి సదువేటి అని నాకు మొదట్లో అనుమానమే. ఆ టీచరమ్మ మరీ తియ్యగా మాటాడతాది, అదో అనుమానం. కొరియరు పుస్తకాలు అటకెక్కినాయి. ఇంటి బడి మాత్రం ఉంది, పిల్ల అదే కావాలన్నాది. గ్రేసూ నేర్పుతన్నాది ఇప్పుడు, నిజంగా. నాను వంటింట్లోంచి సూస్తానే ఉంటాను. పూర్తిగా నమ్మినానా అంటే, నమ్మలేదు.

నీ గుంటణ్ణి బళ్ళో ఎయ్యి, ఇంట్లో ఉంచుకో, నాకు ఏదైనా ఒకటే. ఎందుకలగ సేత్తన్నావో ఆ కారణం మాత్రం నీ మొగుడి మొహం మీద సెప్పు. దేవుడి సాటున పెట్టకు. ఆయనకి మన అబద్ధాలు మొయ్యడమేనా పని?

కెజియా సదువుతన్నాదా అని అడగవేటి? మొన్న పొద్దున్న ఓ వాక్యం సదివినాది. కూడబలుక్కుని, సెమటలు పట్టి, సదివినాది. గ్రేసు ఏడుపు మొదలెట్టేసినాది. నాను ఊరుకుంటానేటి? ఇది కూడా కంఠతా పట్టిందేమో, ఎవరికి తెలుసు. ఏదీ, అదే వాక్యం సివరి మాట నుంచి ఎనక్కి సదువు అన్నాను. గ్రేసు నన్ను కొరికేసేట్టు సూసినాది. పిల్ల సూడలేదు. వేలు సివరికి తీసుకెళ్ళినాది. ఆఖరి మాట సదివినాది. దాని ముందు మాట. దాని ముందు మాట. అలగ మొదటిదాకా ఎనక్కి నడిసొచ్చినాది. తలా తోకా లేదు, అర్థం పర్థం లేదు. నా జన్మలో అంత మంచి వాక్యం నాను వినలేదే తల్లీ.

ఏటో... ఎల్లు ఇంక, నీ పిల్లోడు లేసుంటాడు. వాడికి ఏది ఎప్పుడు రావాలో అప్పుడే వొస్తాది. మీరంతా సల్లగా ఉండాలి. ఆపినావా ఆ రికార్డు? నిజంగా ఆపినావా? ఏదీ, సూపించు.