నేథన్ అడిగిన ప్రశ్న

అమెరికాలోని హెర్న్‌డన్‌లో ఇంటి ముందు కారు ఆపి కూడా అతను దిగలేదు. భార్య వచ్చి పక్క సీట్లో కూర్చుంది.

“ఏమైంది?”

“నేథన్‌ని ఇవాళ టీమ్‌లోంచి తీసేశారు. ఫోన్ చేశాడు.”

“మూడేళ్ల కిందట మీ టీమ్ కోసం నువ్వు డేటా చూసి టాప్ ర్యాంక్ ఇచ్చిన బేస్‌బాల్ కుర్రాడేనా?”

“వాడే. తనలో ఏం తగ్గిందో చెప్పమన్నాడు.”

“ఏం చెప్పావు?”

“ఏమీ తగ్గలేదన్నాను. బంతి అప్పుడెంత స్పీడ్‌గా వేసేవాడో ఇప్పుడూ అంతే వేస్తున్నాడు. హైస్కూల్లో ఆ స్పీడ్‌కి బ్యాట్ తగిలించేవాడే లేడు. ఇక్కడ ప్రొఫెషనల్ ఆటలో అందరూ కొడుతున్నారు.”

“ఇంకో రకం బంతి నేర్చుకోవచ్చుగా?”

“రెండేళ్లు నేర్పారు, పట్టుబడలేదు. కొందరికి వస్తుంది, కొందరికి రాదు. ఎవరికి వస్తుందో ముందే చెప్పే లెక్క నా దగ్గర లేదు.”

“ఆ మాటే చెప్పకపోయావా?”

“చెప్పాను. ‘మరి రిపోర్ట్‌లో నా గురించి అంత నమ్మకంగా ఎలా రాశారు?’ అన్నాడు. కాలేజ్ సీటు వదులుకుని వచ్చాడు వాడు.”

ఆమె అతని సీట్ బెల్ట్ విప్పింది.

“రేపు లీవ్ పెట్టు.”

“కుదరదు. ఈ ఏడాది కుర్రాళ్ల రిపోర్ట్ ఇవ్వాలి.”

“టాప్‌లో ఎవరున్నారు?”

“పద్దెనిమిదేళ్ల వాడు. బంతి భలే స్పీడ్‌గా వేస్తాడు.”