ఫ్రాన్సిస్‌కు సీను లేని సిన్మా

ఫ్రాన్సిస్ బల్ల మీద గుద్దిన గుద్దుకు రాయమల్లు హోటల్లో చాయ్ గ్లాసులు గలగలమన్నాయి. కాజీపేట రైలుపట్టాల పక్క బస్తీలో పెరిగిన జోయెల్ తన మొదటి సినిమా తీశాడు. కథంతా ఆ బస్తీ, అతని చిన్నతనమే. అందరూ చూసొచ్చారు. అందులో తన పేరు లేదని విని ఫ్రాన్సిస్ పంతానికి చూడలేదు. రైలు గార్డుగా ఆయన ఈల వేస్తే బండి కదిలేది. రిటైరయ్యాక ఆయన మాటకు ఇంట్లో కుర్చీ కూడా కదలడం లేదు. అదీ కోపమే.

"బస్తీ మీద సిన్మానంట, నేను లేకుండ! ఆడ మొదలు క్రిస్మస్ స్టార్ కట్టిందెవడు? నేను! వెదురు బద్దలు, రంగు కాయితం, నడుమ బల్బు. బండి గిర్రంత ఉండె."

"గంతేనా మామా?" పక్క బల్ల దగ్గర కూర్చున్న కుర్రాడు హరీష్ ఎగదోశాడు.

"గంతేనా? మల్ల యాడాది ఇల్లంత కట్టిన. స్విచ్చేస్తె ఖిలా వరంగల్ల తోరణాల నీడలు పడ్డయి! కాశిబుగ్గల నేతోళ్లు దీపాలార్పి నా వెలుగుల మగ్గం నేసిండ్రు. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? ఢిల్లీ బండి డ్రైవర్ సిగ్నలనుకొని బ్రేకేసిండు! బండెడు జనం దిగి మా ఇంట్ల కేకు తిన్నరు. తెల్లారి చూస్తె గొర్ల కాపరులు మందలతోని వాకిట్ల నిలబడి, బాలయేసు ఏడున్నడని అడుగుతాండ్రు!"

"గొర్లకు సుత కేకు పెట్టినవా అన్నా?" అన్నాడు రాయమల్లు. హోటలంతా నవ్వింది.

"నవ్వుండ్రి! అసొంటి మనిషికి ఒక్క సీను పెట్టలే ఆ పోరడు. వాని మీద కేసేస్త!"

బన్నులు కట్టించుకుంటున్న జోయెల్ తల్లి లిదియా ఇటు తిరిగింది.

"నీ సీనున్నది అన్నా."

ఫ్రాన్సిస్ మొహం వెలిగిపోయింది. "ఉన్నదా! స్టార్ కట్టేదేనా?"

"స్టార్ మా ఆయన కట్టిండు. మాకు మీటర్ లేకుంటె నీ ఇంట్లకెల్లి వైరు గుంజుకున్నం. మా స్టార్ నీ దానికంటె పెద్దగ కనబడ్డదని, పండుగ ముందునాడు అందరు చూస్తుండంగ ఆ వైరు పీకినవు. నా కొడుకు చీకట్ల దాని కింద కూసొని ఏడ్చిండు. గదే సీను."

ఎవరూ నవ్వలేదు. అయినా ఫ్రాన్సిస్ అడిగిందేమిటంటే:

"నా వేషం... ఎవలేసిండ్రు?"

"ఎవ్వలెయ్యలే. వైరు పీకే చెయ్యొక్కటే కనబడ్తది. మొఖం యాదికి లేదన్నడు."

ఫ్రాన్సిస్ గ్లాసు అందుకోబోయాడు. హోటలంతా ఆ చేతినే చూస్తోంది. మెల్లగా దాన్ని జేబులో పెట్టుకున్నాడు.