పదకొండు సిపాయిలు

సముద్రపొడ్డున ఒక పల్లెలో ముసలి జాలరి తాను సీసంతో పోసిన సిపాయి బొమ్మల్ని అరుగు మీద వరసగా నిలబెట్టాడు. తన తర్వాత ఏది ఎవరికో చెబుతుంటే కూతురు నోటుబుక్కులో రాసుకుంటోంది.

“పదకొండున్నాయి నాన్నా. వీటి విలువ ఎంతని రాయను?”

“పాత సీసం రేటే రాయమ్మా. మొదటిది పైడమ్మ కొడుక్కి. రెండోది రేవు దగ్గర వీర్రాజు తల్లికి.”

“వాళ్ళు మనకేమవుతారని?”

“ఏమీ కారు. సముద్రం మీదకెళ్ళి శవమైనా దొరకని వాళ్ళున్నారు కదా, వాళ్ళ వలలు మాత్రం ఒడ్డుకి కొట్టుకొచ్చేయి. ఆ వలలకున్న సీసం గుళ్ళు కరిగించి మనిషికొక బొమ్మ పోసేను. ఊరి తీర్థంలో బొమ్మల కొట్లో దొరికిన అచ్చు సిపాయిదే మరి.”

“మరి ఇన్నేళ్ళూ వాళ్ళకి ఇవ్వలేదేం?”

“వాళ్ళింకా ఎదురుచూస్తున్నారు. నేను బొమ్మ పట్టుకెళ్తే, మీవాడు ఇంక రాడని నా నోటితో చెప్పినట్టే కదమ్మా. నేను పోయాక నువ్వియ్యి.”

“సరే. పదోది దానం గారి భార్యకని రాసేను.”

“చివరిది అల్లుడిది. నీ పేరు రాసుకో తల్లీ.”

కూతురు పదో పేరు కింద గీత గీసింది.

“రాసేవా?”

“మొత్తం పది నాన్నా. పదే రాసేను.”