రేకు మీద మురికి

"గుండు గుండు బంతీ కొండెక్కింది, కొండ దిగేసరికి..." దిగేసరికి ఏమైందో గుర్తు రావడం లేదండీ. చిన్నప్పుడు చెల్లెల్ని వీపున కట్టుకుని పాడేదాన్ని. బంతి చపటైందో, సాగిందో. పొద్దుట్నుంచీ నోట్లో అదే ఆడుతోంది.

అలా ఫొటోలోంచి నవ్వకండి. ఇవాళ మీకు అన్నం పెట్టాను గానీ ధూపం వెలిగించను. ఒళ్ళు మండిపోతోంది నాకు.

మన పిల్ల చిజురు వచ్చి వెళ్ళింది. అది పన్నెండేళ్ళ కిందట ప్రయోగశాలలో చూసిందే ఇప్పుడు వేరే దేశంవాళ్ళు చూశారట. పరమాణువు లోపలి కేంద్రకం ఒక్కటే రెండు ఆకారాల్లో ఉంటుందని. అప్పుడే నాకు ఈ వంటింట్లో చెప్పింది కదూ? అన్నం ముద్ద తీసుకుని, "అమ్మా, మెతుకులు ఇన్నే. ఇలా ఒత్తితే చపట కమలాపండు, ఇలా దొర్లిస్తే రగ్బీ బంతి. కేంద్రకానికి రెండూ ఇంచుమించు ఒకటే శ్రమ. అందుకే రెండూ కలిసే ఉంటాయి" అంది. "మరి అసలుది ఏదే?" అన్నాను. "రెండూ అసలువేనే" అని ఆ ముద్ద తినేసింది.

దాని ప్రొఫెసర్ కురమొచిగారు ఏమన్నారు? రెండో ఆకారం లేదు, పాడూ లేదు, పరీక్షకని యంత్రంలో పెట్టిన రేకు మీద మురికి ఉంది, యంత్రానికి కనపడింది ఆ మురికే అన్నారు. ఆ రేకు ఎవరు చేసింది? మీరు. అదే ప్రయోగశాలలో ముప్ఫై ఏళ్ళు ఊపిరి బిగబట్టి, వెంట్రుకకన్నా పల్చటి రేకులు చేసిన మీరు.

ఆయన మిమ్మల్ని పిలిపించారు. వెళ్ళారు. తలుపు తీసి, నడుం వంచి "సుమిమాసెన్" అన్నారు.

మన భాషలో అది ఎన్నిటికో పనికొచ్చే మాట. గుమ్మం తొక్కినా అదే, టీ అందుకున్నా అదే, తప్పు చేసినా అదే. లోపలికి రావచ్చా అనే అర్థంలో అన్నారు మీరు. మీరు తప్పు ఒప్పుకున్నారనుకున్నారు ఆయన. "చూశావా, మీ నాన్నే ఒప్పేసుకున్నారు" అన్నారట పిల్లతో, అందరి ముందూ. అప్పుడైనా నోరు పెగల్లేదేం? ఆయన పరువు పోతుందనా? మరి దాని పరువో?

ఆ ఏడే అది ప్రయోగశాల వదిలి బడిలో లెక్కలు చెప్పుకోవడానికి పోయింది. ఆ తర్వాత మీతో ఏం మాట్లాడింది? వానొస్తోంది, గొడుగు తీసుకెళ్ళండి. అంతే.

ఇవాళ అడిగింది. "అమ్మా, నిజం చెప్పు, నాన్న రేకు మురికిదేనా?" నాకేం తెలుసే అన్నాను.

అది వెళ్ళాక ముల్లంగి ఊరగాయ కుండ జరిపాను. కింద మీ నోటుబుక్కు. కుండ ఒరిగిపోతోందని నేనే పెట్టాను ఎప్పుడో. చదవడం రానిదానికి పుస్తకం ఇంకెందుకు? అరవై నాలుగో ఏట అక్షరాలు నేర్చుకున్నాక కూడా ఆ కుండ జరపాలని తోచలేదు చూడండి. వేలు పెట్టి, కూడబలుక్కుని చదివాను. "రేకు ముప్ఫై ఒకటి. చిజురు కోసం. మూడుసార్లు పరీక్షించాను. శుభ్రం."

శుభ్రం అని రాసిపెట్టుకుని ఊరుకున్నారా? కన్నకూతురు నలుగురిలో తలొంచుకుంటుంటే?

రేపు దాని చేతికిస్తాను. మీ మీద దాని కోపం పెరిగితే పెరగనీ.

ఇంకోటి కూడా చెప్పుకోవాలి దానికి. ఆ పొద్దున మీ కాలర్ సరిచేస్తూ, "ప్రొఫెసర్‌గారు కోపంగా ఉన్నారట, అడుగు పెట్టగానే సుమిమాసెన్ అనండి, కొయ్యలా నిలబడకండి" అన్నది నేను. అది నేర్పి పంపింది నేను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

ఆఖరి రోజు ఆస్పత్రిలో చెంచాతో నీళ్ళు పట్టాను మీకు. గుటక వేసి నా వైపు చూశారు. ఒక్కటే మాట అన్నారు. నీళ్ళిచ్చినందుకో, పిల్ల కోసమో, వెళ్ళొస్తాననో, ఇప్పటికీ తేల్చుకోలేకుండా ఉన్నాను.

"సుమిమాసెన్."