మూడు చుక్కలు

అచ్చాఫీసులో ప్రూఫుల బల్ల. యజమాని, ప్రూఫులు దిద్దే అమ్మాయి.

“దిద్దనంటే దిద్దను సార్.”

“నిన్ను దిద్దమన్నది అక్షరాలమ్మా. ఖురాన్‌ని కాదు.”

“అక్షరాలే చూస్తున్నా. ‘బహుదైవారాధకులు ఎక్కడ కనిపిస్తే అక్కడ చంపండి.’ ముందు మూడు చుక్కలు, వెనక మూడు చుక్కలు. ఎవరు పెట్టారివి?”

“పోస్టర్ వేయించుకునేవాళ్లు. వాళ్లిష్టం.”

“చుక్కలు కనిపిస్తే, మింగేసిందేమిటో మూలంలో చూడమని నాకు పని నేర్పింది మీరే. చూశాను. తొమ్మిదో అధ్యాయం, అయిదో వాక్యం.”

“ఉందా, లేదా?”

“ఉంది.”

“ఉందిగా! మరింకేం?”

“ఎవరి గురించో అడగరేం? ఒప్పందం చేసుకుని, తెంపి, మీదికొచ్చినవాళ్ల గురించి. మాట నిలబెట్టుకున్నవాళ్లతో మీరూ మాట నిలబెట్టుకోండని నాలుగో వాక్యంలోనే ఉంది.”

“అంతా వేయడానికి పోస్టర్‌లో చోటెక్కడిది?”

“కత్తి బొమ్మకి జానెడు దొరికిందిగా!”

“గొంతు తగ్గించు. గంటలో వస్తారు. సాయంత్రానికల్లా వీధివీధినా అంటించాలట.”

“మా వీధిలో కూడానా?”

“నాకేం తెలుసు?”

“మా గోడమీద కూడానా సార్?”

“నాకేం తెలుసంటున్నానా! నువ్వు కాకపోతే ఇంకొకడు దిద్దుతాడు. పోయేది నీ ఉద్యోగమే.”

“పోనివ్వండి. ఆరో వాక్యం కూడా వేస్తేనే దిద్దుతా.”

“అబ్బబ్బ! ఏముందమ్మా ఆ ఆరులో?”

“‘ఆ బహుదైవారాధకుల్లో ఎవరైనా నిన్ను శరణు కోరితే, అల్లాహ్ మాట వినేలా అతనికి శరణివ్వు. తర్వాత అతన్ని క్షేమంగా ఉండే చోటికి చేర్చు.’”

“చేర్చడమా?”

“ఆఁ. దాచి ఊరుకోవడం కాదు. దగ్గరుండి చేర్చడం.”

“సరే, సరే. మంచి మాటే. ఇప్పుడవన్నీ నాకెందుకు?”

“మీకెందుకా? ఊళ్లో మత గొడవలప్పుడు మా నాన్న మిమ్మల్ని మూడు రోజులు మా ఇంట్లో దాచాడు. నాలుగో రోజు మీ గుమ్మం దాకా నడిచొచ్చాడు.”

“అది వేరు. మీ నాన్న దేవుడిలాంటి మనిషి.”

“దేవుడూ కాదు, ఏమీ కాదు. ‘నీ ప్రాణం మీదికి తెచ్చుకుని నా వెంట ఎందుకొస్తున్నావయ్యా’ అని దారంతా అడిగారట మీరు. ఆయన పెదవి విప్పలేదని మీరే ఇప్పటికీ అందరికీ చెప్తుంటారు. ఆ జవాబే సార్ ఈ ఆరో వాక్యం. చెప్పండి, వదిలేయమంటారా, చేర్చమంటారా?”