విత్తనాల పండగకి వేసిన తాళం

నాకు కుర్చీ వద్దండీ పాండురంగారావుగారూ. కూర్చుంటే మెత్తబడతాననేగా! ఉత్సవ కమిటీ సెక్రటరీగారు కుర్చీ వేయించారని పొంగిపోయే రోజులు పోయాయి.

అసలు తాళమేమిటండీ? పద్నాలుగుమంది కోయ ఆడవాళ్ళని కొండల్లోంచి ఏలూరు పిలిపించి, రాత్రి సత్రంలో పెట్టి తాళమా? వాళ్ళు ఆడటానికొచ్చారా, జైలుకొచ్చారా?

కొల్లేటి కొర్రమీను పులుసు పెట్టించానంటారు. పెట్టించారు, కాదనను. అయితే?

"హన్నమ్మగారూ, కొండమీద బడిలో టీచరు మీరు, మీ మాట వింటారు, ఎల్లుండి దాకా ఉండమని సర్దిచెప్పండి" అన్నారు నిన్న రాత్రి. ఏమని చెప్పనండీ? నిన్న ఎర్రటెండలో రెండు గంటలు ఆడారు. మీరంతా నీడలో, తివాచీలమీద! కలెక్టరు దొర ఆకివీడు క్యాంపులో ఆగిపోయారు కాబట్టి, ఆయన కోసం రేపు మళ్ళీ ఆడాలా?

రేపు వాళ్ళ ఊళ్ళో విత్తనాల పండగండీ. దేవత ముందు గింజలు పెట్టి, ఆడవాళ్ళు ఆడితేగానీ ఒక్క గింజ నేలమీద పడదు. ఇంటావిడని పెళ్ళిరోజున పొరుగూళ్ళో కూర్చోబెట్టినట్టుంది మీ వరస! "కొండజాతుల సంస్కృతి వార్షికోత్సవం" అని గుడ్డమీద ఇంతింత అక్షరాలు మాత్రం రాయించారు.

మీ కమిటీలో ఒక్క ఆడమనిషి ఉందా? ఉంటే అడిగి ఉండేది. ఆ పండక్కి మగవాళ్ళు వేటకెళ్ళి ఉత్తచేతులతో వస్తే ఆడవాళ్ళు దారికడ్డం నిలబడి పేడనీళ్ళు కుమ్మరిస్తారు, తెలుసా? నవ్వకండి. సంస్కృతి మీద అంత ముచ్చటుంటే కమిటీ మొత్తం వచ్చి ఆ దారిలో నిలబడండి!

రాత్రి వాళ్ళలో పెద్దది, సూరమ్మ, నన్నడిగింది. "అమ్మా, మీ క్రిస్మస్ నాడు నిన్ను మా గుడిసెలో పెట్టి తాళమేసి, మా పెద్దమనిషి ముందు పాడమంటే పాడతావా?" అని. దీపం చిన్నది చేసి పడుకున్నాను.

ఎక్కడికండీ లేచారు, సత్రానికా? ఆగండి. నేను అడగడానికి రాలేదు, చెప్పడానికొచ్చాను. తాళంచెవి ఎవరిచ్చారు నాకు? ఆడవాళ్ళ గది కదా, ఆడమనిషి దగ్గరే ఉండాలని మీరే ఇచ్చారు. తెల్లవారకముందే తీశాను. జంగారెడ్డిగూడెం బస్సెక్కించాను.

అరవండి. మా బడికి ఉత్తరం రాసి నా ఉద్యోగం ఊడబెరుకుతారా? రాయండి. రాసేటప్పుడు ఇంకొకటి కూడా రాయండి.

"విత్తనాల పండగ రోజుల్లో చూడాలండీ వాళ్ళ ఆట" అని మీ కమిటీతో గొప్పగా చెప్పింది నేనే. మీరు కొండెక్కి వస్తారనుకున్నాను. వాళ్ళనే దింపుతారనుకోలేదు. దింపమన్నప్పుడు, పండగ ముందురోజుకి ఇంట్లో ఉంటారని వాళ్ళకి మాటిచ్చి తీసుకొచ్చిందీ నేనే.

ఏటా సూరమ్మ బడిదాకా వచ్చి పండక్కి పిలిచేదండీ. ఈ పొద్దున బస్సెక్కింది. పిలవలేదు.